బండలనెక్కు విద్య

నేడు నేను మాటాడబోవునది పైరులను గూర్చి కాదు, పురాణములను గూర్చియు కాదు. బండలనెక్కు విద్యను గూర్చి. ఈ మాట చెవిని పడగానే మీలో కొందరు నవ్వుకొందురని నేనెరుగుదును. "బండలనెక్కుటకు విద్య యెందుకు? మేకలు ఎక్కుటలేదా?" అని మా గ్రామమున ఒక పెద్దమనుష్యుడు నలుగురిలో నన్ను అడిగియే యున్నాడు. మేకకు నాలుగు కాళ్లు కలవనియు, అది పడినయెడల తలచుకొని యేడ్చు తాతలు దానికి లేరనియు నేను బదులు చెప్పితిని. అందరును నవ్విరి గాని, నా మనసులోనున్నది నవ్వు కాదు. ఆ సంగతి మొదట చెప్పెదను.

నేను కల్లుగీత వృత్తివారి యింట పుట్టితిని. మా బాపు ప్రతిదినము ఉదయమును సాయంకాలమును తాటిచెట్లనెక్కి దిగువాడు. మోకు, ముస్తాదు అను మాటలు మీలో చాలమందికి తెలిసినవే. తెలియనివారికొరకు చెప్పుచున్నాను: మోకనగా నడుమును, చెట్టు మ్రానును కలిపి చుట్టు బలమైన పట్టె. దానిని పైకి జరుపుకొనుచు, పాదములతో మ్రానును అదిమిపట్టి, మనుష్యుడు జానెడు జానెడుగా పైకి పోవును. నేను ఏడవ తరగతి చదువుచున్న కాలమున, వేసవిలో ఒక ఉదయము, మా బాపు చెట్టు దిగుచుండగా మోకు తెగినది. క్రింద ఎవరును లేరు. గొర్రెలకాపరి యొకడు చూచి కేకవేయువరకు ఆయన ఆ చెట్టు మొదటనే పడియుండెను. అప్పటికి ప్రొద్దు నడినెత్తికి వచ్చినది. వెన్నెముక విరిగినది. పిదప పదునొకండేండ్లు మంచములోనే బ్రతికెను. ఆ పదునొకండేండ్లును మా అవ్వ బీడీలు చుట్టి మమ్ము సాకినది. నేను గీతలోనికి పోక బడిపంతులనైతిని. మా బాపు మాత్రము మంచములో పడుకొని ఒక్కమాటయే పలుమారు చెప్పుచుండెడివాడు: "మోకు మార్చాలె అనుకున్న. వానలు పడ్డంక మారుద్దామనుకున్న."

ఇట్టి యింటికి నిరుడు ఒక కాగితము వచ్చినది. మా కుమారుడు దుబాయిలో పనిచేయుచున్నాడు. అతని కూతురు, అనగా నా మనుమరాలు, గురుకుల పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచుండెను. బండలనెక్కు శిక్షణకై కొందరు పిల్లలను భువనగిరికి తీసికొనిపోదురనియు, ఇంటిపెద్ద సమ్మతించి చేవ్రాలు చేసి పంపవలెననియు ఆ కాగితములో నుండెను. తండ్రి దేశాంతరమందుండుటచే ఆ చేవ్రాలు నా వంతునకు వచ్చినది. నేను చేయనంటిని. కారణమేమని ఆ పిల్ల అడుగగా, పొలము గట్టునకు తీసికొనిపోయి ఆ చెట్టును చూపితిని. అది యిప్పటికిని నిలిచియే యున్నది. కొంతసేపు చూచి ఆమె యిట్లన్నది: "తాతా, ముత్తాతకు కింద తాడు పట్టెటోళ్లు లేరు. అక్కడ ఉంటరు."

ఆ మాటకు నాకు కోపము వచ్చినది. పదునాలుగేండ్ల పిల్లకు ఇంత తెలిసినట్లు మాటాడుట యెట్లు వచ్చెనని తలచితిని. మూలము విచారింపగా పూర్ణ కథ యని తేలినది. మాలావత్ పూర్ణ మన జిల్లాకు పొరుగుననున్న నిజామాబాదు జిల్లాలో పాకాల యను గ్రామమున 2000వ సంవత్సరమున పుట్టినది. తలిదండ్రులు లంబాడీలు, వ్యవసాయపు కూలీలు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచుండగా, ఆ పాఠశాలల కార్యదర్శిగానుండిన ఆర్. ఎస్. ప్రవీణ్ కుమార్ పూనికవలన, నూరుమందికి పైగా పిల్లలను 2013లో భువనగిరి కొండకు పంపి బండలనెక్కించిరి. అక్కడ బచినేపల్లి శేఖర్ బాబు వారికి గురువు. అందులో నేర్పరులను ఏరి డార్జిలింగునకును, మరల ఏరి లదాఖునకును పంపి, కడకు ఇద్దరిని నిలిపిరి. ఒకరు పూర్ణ, రెండవవాడు ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్. నేపాళ దేశమువైపునుండి ఎక్కుటకు పదునారేండ్లు నిండవలెనను నియమముండుటచే టిబెట్టు వైపునుండి బయలుదేరి, 2014 మే 25వ తేదీన వారిరువురును ఎవరెస్టు శిఖరమును చేరిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు. మన తెలంగాణ రాష్ట్రము ఏర్పడుటకు అప్పటికింకను ఎనిమిది దినములున్నవి. ఆ వయస్సున ఆ శిఖరమును చేరిన బాలిక అంతకు ముందెవరును లేరు. తరువాత ఆమె ఏడు ఖండములలోని అత్యున్నత శిఖరములను ఒకటొకటిగా ఎక్కి, 2022లో ఆ వరుసను ముగించినది.

ఈ కథ వినుటకు బాగుగనే యున్నది. కాని కథ విని చేవ్రాలు చేయుట పెద్దరికము కాదని నాకు తోచినది. నేనే పోయి చూచెదనంటిని. సిరిసిల్ల, సిద్ధిపేటల మీదుగా బస్సులు మారి భువనగిరి చేరితిని.

భువనగిరి కొండను రైలులోనుండియైనను చూడనివారు మనలో తక్కువ. అది కొండ యనుటకంటె ఒకే బండ యనుట యుక్తము. బోర్లించిన గ్రుడ్డువలె నున్నగా, అయిదువందల అడుగులవరకు లేచియుండును. త్రిభువనమల్లుడను బిరుదుగల పశ్చిమచాళుక్య ప్రభువు ఆరవ విక్రమాదిత్యుని పేరుమీదుగానే దానికి త్రిభువనగిరి, భువనగిరి యను నామములు వచ్చినవి. మా కులమువాడని మేము గర్వముగా చెప్పుకొను సర్దార్ సర్వాయి పాపన్న 1708లో ఓరుగల్లును కొల్లగొట్టిన పిదప ఈ భువనగిరిపైని కూడ దాడి వెడలెను. గీతకార్మికుడు ఈ బండవైపు చూచుట క్రొత్తకాదని నాలో నేను అనుకొంటిని.

కొండ పాదమున శిక్షణ జరుగుచుండెను. కార్తికమాసపు ఉదయము, బండ ఇంకను చల్లగా నున్నది. ఇరువదిమంది పిల్లలు, ముగ్గురు శిక్షకులు. నేను ఒక రాతిమీద కూర్చుండి రెండు గంటలు ఏమియు అడుగక చూచితిని. ఎక్కుచున్న పిల్లనుకంటె క్రింద నిలిచిన పిల్లనే నేను ఎక్కువగా చూచితినని చెప్పవలెను. ఎక్కు పిల్ల నడుమునకును తొడలకును కలిపి ఒక పట్టెల కూర్పు బిగించియుండిరి. దానికి తాటిని కట్టి, ఆ తాటిని బండపైన దిగగొట్టిన ఉక్కు కొక్కెములగుండ త్రిప్పి మరల క్రిందికి తెచ్చిరి. ఆ రెండవ కొస క్రిందనున్న పిల్ల నడుమునకు తగిలించిన చిన్న లోహపు పరికరముగుండ పోవుచుండెను. పై పిల్ల ఒక అడుగు వేసిన, క్రింది పిల్ల ఒక మూర తాటిని లాగికొనును. మన బావిగిలకయే, బొక్కెనకు బదులు మనుష్యుడున్నాడు, అంతే. పై పిల్ల కాలు జారినది. నా గుండె జల్లుమన్నది. కాని ఆమె జానెడు క్రిందికి వచ్చి, తాటిమీద ఉయ్యాలవలె నిలిచి, నవ్వి, మరల బండను పట్టుకొన్నది. క్రింది పిల్ల మొగమున నవ్వు లేదు. రెండుచేతులు తాటిమీదనే యున్నవి, కన్ను పైననే యున్నది.

విరామ సమయమున నేను శిక్షకుని ప్రశ్నలడిగితిని. బడిపంతులు అడిగినట్లే అడిగితిననుకొనుడు. ఇంత బక్కపిల్ల అంతకంటె బరువైనవానిని ఎట్లు నిలుపునని అడుగగా, తాడు ఆ పరికరములో మెలిక తిరిగి రాచుకొనుటవలన బరువులో పెద్దభాగమును ఆ రాపిడియే మోయుననియు, పిల్ల చేతికి వచ్చునది కొంచెమేననియు చెప్పెను. బరువులో తేడా మరీ యెక్కువైనచో క్రిందివానిని నేలకు కట్టివేయుదురట. తాడు తెగినచో నేమని అడిగితిని. ఆయన తాటిని నా చేతికిచ్చెను. పైన అల్లికతో నేసిన తొడుగు. లోపల నైలాను పోగుల కండె. మా సిరిసిల్ల మగ్గమువాడు చూచిన మెచ్చుకొనదగిన నేత. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు కొండలనెక్కువారు జనపనార త్రాళ్లనే వాడెడివారనియు, అవి పెద్ద పాటునకు ఆగక తెగెడివనియు, నైలాను వచ్చిన పిదప ఈ విద్యయే మారిపోయినదనియు ఆయన చెప్పెను. ఈ తాడు పడినవాని బరువునకు కొంత సాగి, ఆ కుదుపును తాను మ్రింగును. సాగని తాడు తెగకపోయినను మనిషి నడుము విరుచును. పైన కొక్కెములు రెండేల యని అడిగితిని. ఒకటి ఊడినచో రెండవది యుండుటకనెను.

ఈ మాట నన్ను పట్టుకొన్నది. మా బాపునకు రెండవది లేదు. ఒకే మోకు, ఒకే మనిషి, ఒకే చెట్టు. ఆయన నేర్పు తక్కువ కాదు. ఆ పిల్లలలో ఏ యొక్కరును ఆయనవలె ఎక్కలేరు, వారి శిక్షకుడును ఎక్కలేడని నేను ప్రమాణము చేసి చెప్పగలను. కాని ఎక్కు నేర్పు అంతయు ఒక్కని దేహములోనే యుండెను. పట్టు నేర్పు ఎవరియందును లేకుండెను. భువనగిరిలో మొదటి రెండు దినములు పిల్లలకు బండను ముట్టనీయరట. ముడి వేయుట, ముడి విప్పుట, తాడు పట్టుట, ఒకరి పట్టెలను మరియొకరు తడవి చూచుట, ఇంతయే పని. ఎనిమిది అంకెవలె నుండు ముడినొకదానిని కన్నులు మూసికొని వేయగలిగిన పిదపనే పైకి పంపుదురు. ప్రతి పర్యాయమును, ఎంత ఆరితేరినవాడైనను, ఎక్కుటకు ముందు ఇరువురును ఒకరి ముడిని ఒకరు చూచి, బిగ్గరగా చెప్పి, అటుపిమ్మట కదలవలెను. "నాకు తెలుసు" అన్నవానిని ఆ దినమునకు కూర్చుండబెట్టుదురట.

బండనెక్కుటలోని మెలకువను కూడ కొంత చెప్పెదను. ఇది వినువారికి వింతగా నుండును. చేతులతో లాగికొని ఎక్కవలెనని మనమనుకొందుము. అది తప్పు. బరువంతయు కాళ్లమీద నుండవలెను. చేతులు తూకమునకు మాత్రమే. మూడు పట్టులు నిలుకడగానుండగా నాలుగవదానిని కదల్చవలెను. మన ప్రాంతపు నల్లరాతిబండ గరుకైనది. ఇరువదియైదు వందల లక్షల కాదు, రెండువందల యేబదికోట్ల సంవత్సరముల నాటిదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎండకు వానకు ఉల్లిపొరవలె పొరలు విడుచుచు గుండ్రబారినది. దానిమీద పట్టుకొనుటకు అంచులు తక్కువ; రబ్బరు అడుగుగల బిగుతు చెప్పులతో పాదమును అదిమి, ఆ రాపిడినే నమ్మి నిలువవలెను. భయపడినవాడు బండకు కరచుకొనును. కరచుకొన్నవాని పాదము జారును. నిటారుగా నిలిచినవాడు నిలుచును.

అడుగుట మానక, నన్నును కట్టుడంటిని. అరువదియారేండ్లవాడను, శిక్షకుడు సందేహించెను గాని, కాదనలేదు. పట్టెలు బిగించి, తలకు గట్టి టోపి పెట్టి, పది అడుగుల యెత్తువరకు మాత్రము ఎక్కించెను. అక్కడ "ఇక చేతులు విడిచి వెనుకకు వాలుడు" అనెను. నేను వాలలేకపోయితిని. ఎంతసేపో నాకు జ్ఞాపకము లేదు. క్రింద తాటిని పట్టినది నా మనుమరాలి యీడు పిల్ల, నల్లగొండ వైపుదట. "పట్టిన తాతా, ఇడువు" అన్నది. విడిచితిని. తాడు పట్టినది. క్రిందికి దిగిన పిదప కొంతసేపు ఎవరితోను మాటాడలేదు. ఆ సాయంకాలమే చేవ్రాలు చేసితిని.

ఇక గోడను గూర్చి. భువనగిరినుండి హైదరాబాదు దగ్గర కనుక, అచ్చట గోడలనెక్కు వ్యాయామశాలలున్నవని విని ఒకదానిని చూచి వచ్చితిని. మన పాత తాలీముఖానా గుర్తున్నదా? ఎర్రమట్టి, గదలు, మల్లస్తంభము. ఇదియు తాలీముఖానాయే, మల్లస్తంభమునకు బదులు గోడ. ఇనుప చట్రమునకు దళసరి చెక్కపలకలు బిగించి, వానినిండ రంధ్రములు చేసి, రంగురంగుల కృత్రిమపు పిడికళ్లను మరలతో బిగింతురు. పిడికళ్లను ఇటునటు మార్చినచో దారి మారును. ఒకే గోడమీద పసిపిల్లకొక దారి, పహిల్వానునకొక దారి. పొట్టి గోడలకు తాడుండదు. క్రింద మూరెడు దళసరి మెత్తలు పరచియుందురు. పొడుగు గోడలకు తాడు తప్పదు. ఇంగ్లండు దేశమున లీడ్సు విశ్వవిద్యాలయములో డాన్ రాబిన్సన్ అను వ్యాయామోపాధ్యాయుడు 1964లో ఒక నడవ గోడలో రాతిముక్కలు పొదిగించి, చలికాలమందును విద్యార్థులు అభ్యసింపవచ్చునని చూపెను. అది మొదలు అట్టి గోడలు దేశదేశములకు ప్రాకినవి. టోక్యోలో 2021న జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఈ ఎక్కుడు పందెము మొదటిమారు చేర్చబడినది.

అందులో వేగపు పందెమొకటి కలదు. పదునైదు మీటర్ల గోడ, అనగా దాదాపు ఏబది అడుగులు. మన తాడి కొలతయే. పారిస్ నగరమున 2024లో ఇండొనీసియా దేశస్థుడు వెడ్రిక్ లియొనార్డొ దానిని 4.75 సెకండ్లలో ఎక్కి స్వర్ణపతకము గెలిచెను. ఈ మాట మా గ్రామములో చెప్పగా, ఎనుబదేండ్ల గీతకార్మికుడొకడు వ్రేళ్లమీద లెక్కించి, "లొట్లు మోసుకొని ఎక్కిండా?" అని అడిగెను. ఈ ప్రశ్నకు ఒలింపిక్ సంఘమువారే సమాధానము చెప్పవలెను.

ఇంతవరకు చెప్పినదంతయు ఒక ప్రక్క. రెండవ ప్రక్కను దాచుట న్యాయము కాదు. నెల్లూరు జిల్లా గాంధీజనసంగమను పల్లెలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు కోరుకొండ సైనికపాఠశాలలోను, ఖరగ్‌పూరు ఐఐటీలోను, కలకత్తా ఐఐఎంలోను చదివినవాడు. ఉద్యోగముల వెంట పోక కొండల వెంట పోయెను. ఏడు ఖండముల శిఖరములను 2006లో 172 దినములలో ఎక్కి లోకమును ఆశ్చర్యపరచెను. అట్టివాడు 2015లో దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములలో ఒంటరిగా ఎక్కుచు, వాతావరణము వికటించుటచే మరణించెను. పూర్ణ ఎక్కిన 2014లోనే ఏప్రిలు మాసమున, ఎవరెస్టునకు నేపాళమువైపున మంచుచరియ విరిగిపడి పదునార్గురు కొండసేవకులు మృతులైరి. కనుక ఇందులో చావు లేదని నేను చెప్పను. చెప్పినవానిని మీరు నమ్మవలదు. నేను చెప్పునదేమనగా, ఎనిమిదివేల మీటర్ల మంచుకొండ వేరు, ఊరిలో ముప్పది అడుగుల గోడ వేరు. మంచుకొండమీద గాలియు, మంచును మనిషి చేతిలో లేవు. ఊరి గోడమీద ప్రమాదము వచ్చినచో అది తొంబదిపాళ్లు ముడిలోనో, తాటిలోనో, పట్టినవాని పరాకులోనో వచ్చును. అవి మన చేతిలోనివే. కాబట్టి మనలను క్షమించుకొనుటకు కూడ అక్కడ వీలులేదు.

గీతవృత్తివారి విషయమునను ఈ తెలివి ఆలస్యముగానైనను వచ్చినది. తెలంగాణ ప్రభుత్వము 2024 జూలై 14వ తేదీన రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో కాటమయ్య రక్ష యను పేర పట్టెలు, త్రాళ్లుగల పరికరములను గీతకార్మికులకు పంచుట ప్రారంభించినది. మా కులదైవము పేరు పెట్టుట బాగున్నది. ఆ పట్టెలను చూచినపుడు భువనగిరిలో పిల్లల నడుములకు చూచిన పట్టెలే జ్ఞాపకము వచ్చినవి. కొందరు ముసలివారు వానిని చూరునకు వ్రేలాడదీసి పాతమోకుతోనే పోవుచున్నారు. "ఇది తగిలించుకొనుటకు పట్టు కాలములో రెండు చెట్లు ఎక్కుదుము" అందురు. వారిని నిందింపలేను. అలవాటు లేని రక్షణ రక్షణ కాదు, బరువు. చిన్ననాడే గోడమీద పట్టెలు కట్టుకొని అలవాటుపడిన పిల్లవాడు పెద్దవాడై చెట్టెక్కినను, విద్యుత్తు స్తంభమెక్కినను, దుబాయిలో ఎత్తైన కట్టడము మీద పనిచేసినను, పట్టె లేక అడుగు కదల్పడు. ఆ దూరదేశమున మన పిల్లలు ఎంత ఎత్తున పనిచేయుచున్నారో మనలో ఎందరమెరుగుదుము? మా వాడు ఫోనులో ఎన్నడును చెప్పడు.

ఈ ఆలోచనలతోనే ఎల్లారెడ్డిపేటలో అట్టి గోడయొకటి ఊరుమ్మడిగా కట్టుకొందమని పెద్దల యెదుట ప్రస్తావించితిని. రెండుమార్లు కూడితిమి. అభ్యంతరములు వచ్చినవి, వాని నుండి నేను నేర్చుకొన్నదే యెక్కువ. ఆడపిల్లల చేతులు కాయలు కాచినచో పెండ్లిండ్లు ఎట్లగునని ఒకరడిగిరి. బీడీలు చుట్టి మా అవ్వ వ్రేళ్లు కాచిన కాయలను గూర్చి ఎవరును అడుగలేదని నేనంటిని. ఈ విద్యతో అన్నము దొరకునా యని మరియొకరు అడిగిరి. నిజము చెప్పితిని: నూటికి తొంబదితొమ్మిదిమందికి దొరకదు; ఒకరిద్దరు శిక్షకులగుదురేమో. మన తాలీముఖానాలో కుస్తీపట్టినవారికిని అన్నము దొరకలేదు, అయినను ఊరు దానిని నిలుపుకొన్నది.

మూడవ ప్రశ్న ఒక రైతు వేసెను. అది గట్టి ప్రశ్న. గోడ యెందుకు, నాంపల్లి గుట్ట యున్నది, వీర్నపల్లి వైపు గుట్టలున్నవి, బండలకు కరవా యనెను. బండమీద నేర్పవచ్చును గాని, వేసవిలో ప్రొద్దెక్కిన పిదప బండ పెనమువలె కాలును. వానకాలమున పాకుడు పట్టును. పెద్ద తేనెపట్టులున్నచోట కేకవేసిన ఈగలు లేచును, తాటిమీద వ్రేలాడువాడు పరుగెత్తలేడు. గుడియున్న గుట్టమీద కొక్కెములు దిగగొట్టుట తగదు. కార్తికమునుండి మాఘమువరకు బండ, తక్కిన కాలము గోడ, ఇది నా యభిప్రాయము. ఇంకొక సంగతియు కలదు. కరీంనగరు చుట్టుప్రక్కల ఎన్ని గుట్టలు గ్రానైటు పలకలై ఓడలెక్కి పోయినవో మీరు కన్నులార చూచినవారే. హైదరాబాదులో బండలను కాపాడుటకై 1996లోనే ఒక సంఘము ఏర్పడినది. మనకట్టి సంఘము లేదు. పిల్లలు ప్రతి ఆదివారము ఎక్కు గుట్టను గుత్తకిచ్చుటకు ఏ పంచాయతికైనను కొంత వెనుకాడవలసి వచ్చును.

డబ్బు సంగతి తేలలేదు. చందాలతో చట్రము లేచును; మా వారు గల్ఫునుండి కొంత పంపెదమన్నారు. కాని నేను పెట్టిన నిబంధన వేరు. డార్జిలింగులో 1954లో స్థాపించిన హిమాలయ పర్వతారోహణ సంస్థలోగాని, ఉత్తరకాశిలో 1965లో వెలసిన నెహ్రూ సంస్థలోగాని నేర్చి యోగ్యతాపత్రము పొందిన శిక్షకుడు దొరకనిదే పునాది త్రవ్వవలదంటిని. ప్రతి తాటికిని ఒక పుస్తకముండవలెను: కొన్నదినము, వాడినదినములు, పాటు తగిలిన దినము, తీసివేసిన దినము. తీసివేసిన తాటిని కోసి ముక్కలు చేయవలెను. లేకున్న అది ఎవరి బావికో, ఎవరి బండికో చేరి మరల ఎవనినో మోయును. కొందరికిది చాదస్తముగా కనబడినది. గోడ తయారైన పిదప పుస్తకము సంగతి చూచుకొందమనిరి. అట్లయిన నేనందులో లేనంటిని.

మా మనుమరాలు భువనగిరినుండి పది దినములకు వచ్చినది. మోచేతులు గీరుకొనిపోయినవి, ముఖము నల్లబడినది, ఆకలి హెచ్చినది. ఎవరెస్టును గూర్చి ఒక్కమాటయు చెప్పలేదు. తాడు పట్టుటను గూర్చియే చెప్పినది. ఆమె పట్టగా ఎక్కిన పిల్లలు పదునలుగురట. మా యింటి దూలమునకు మా బాపు మోకు ఇప్పటికిని వ్రేలాడుచున్నది. మా అవ్వ పారవేయనీయలేదు, ఆమె పోయిన పిదప నేనును పారవేయలేదు. పిల్ల దానిని దింపుమన్నది. దింపితిని. నేలమీద పరచి, ఒక కొసనుండి మరియొక కొసవరకు వ్రేళ్లసందున జార్చుచు, నలుపుచు, వంచి చూచుచు పోయినది. తాళ్లను అట్లే చూడవలెనని వారికి నేర్పిరట. తెగినచోటు నాకు తెలియును. అక్కడ ఆమె ఆగలేదు. దానికి జానెడు ఇవతల ఒకచోట ఆగి, నా వ్రేలిని తీసికొని అచ్చట పెట్టినది. లోపల పోగులు చచ్చి, మెత్తగానున్నది. మూరెడు అవతల మరియొకచోటును అట్లే యున్నది. ఏబదియేండ్లకు పైగా ఆ మోకును నేను చూచుచున్నాను. తెగినచోటునే చూచితిని గాని తక్కినది తడవి చూడలేదు.

ఆ మోకును మూడవ కూటమునకు తీసికొనిపోయి నడుమ పెట్టితిని. దానిని పెద్దలందరును ఒకరి తరువాత ఒకరు తడవి చూచిరి. తాళ్ల పుస్తకమునకు ఒప్పుకొనిరి. గోడకు స్థలము బడి వెనుకనా, సంత ప్రక్కనా యను వివాదము మాత్రము ఇంకను తెగలేదు. సంక్రాంతి వెళ్లిన పిదప మరల కూడుదుము.